రూట్ తాళం ఎవరి చేతికి ఇవ్వాలి? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సంగతి మీద ఉన్నాయి. దూరంగా ఉన్న లినక్స్, ఫ్రీబీఎస్‌డీ (రెండూ ఆపరేటింగ్ సిస్టమ్‌లే) మెషీన్లని ఏపీఐ (ఒక ప్రోగ్రామ్ ఇంకోదాన్ని పని అడిగే దారి) ద్వారా నడిపించే మధ్య సర్వర్, అదే మిడిల్‌వేర్ అంటున్నారు కదా, దాని గురించి. పైన రూట్ అన్నది మెషీన్‌లో ఏ పనైనా చెయ్యగల యూజర్ పేరు. అందుకని ప్రింటర్లూ వైఫైలూ వచ్చే సంచికకి నెట్టేసి ఇవే తీసుకున్నాం. పేర్లు వెయ్యొద్దన్నవాళ్ళు కొందరున్నారు కాబట్టి ఎవరివీ వెయ్యట్లేదు, ఊళ్ళు మాత్రం వేస్తున్నాం.

ప్రశ్న (భీమవరం దగ్గర నుంచి): అన్నా, మా రొయ్యల చెరువుల గట్ల మీద చిన్న చిన్న లినక్స్ డబ్బాలు పెట్టాం, డీవో (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) మీటర్ చదివి ఏరేటర్లు (నీళ్ళలోకి గాలి ఎక్కించే యంత్రాలు) వేస్తాయి, ఓ ముప్పై దాకా ఉంటాయి, ఆఫీసులో బ్యాకప్‌కి రెండు ఫ్రీబీఎస్‌డీ మెషీన్లు. అన్నీ నేనే ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి మెషీన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) చేసి చూసుకుంటున్నా. ఇప్పుడు ఓనర్ గారు మకాం దగ్గరుండే సూపర్‌వైజర్లు కూడా ఫోన్‌లోంచి సర్వీస్ రీస్టార్ట్ చేసుకునేలా పెట్టమంటున్నారు. ఫ్రెండ్ ఒకడు మధ్యలో మిడిల్‌వేర్ సర్వర్ పెట్టి ఏపీఐ ఇవ్వమన్నాడు. అసలు అదేం చేస్తుంది, నాకు అవసరమేనా?

జవాబు: తమ్ముడూ, ముందు అదేం చేస్తుందో చూద్దాం. యాప్ నుంచి "ఏడో చెరువు డబ్బాలో సెన్సర్ సర్వీస్ రీస్టార్ట్ చెయ్యి" అని ఒక హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ వస్తుంది, లోపల జేసన్, అంటే వివరాలు రాసే ఒక టెక్స్ట్ పద్ధతి. మధ్యలో ఉన్న సర్వర్ టోకెన్ (గుర్తింపు చీటీ లాంటి రహస్య కోడ్) చూసి అడిగింది ఎవరో కనుక్కుంటుంది, ఆ మనిషికి ఆ డబ్బా మీద ఆ పని చేసే హక్కుందా లేదా చూస్తుంది, ఉంటే అక్కడి సిస్టమ్‌కి తగ్గ కమాండ్‌గా మార్చి పంపిస్తుంది, డెబియన్ (ఒక రకం లినక్స్) అయితే సిస్టమ్‌సీటీఎల్, ఫ్రీబీఎస్‌డీ అయితే సర్వీస్ కమాండ్, ప్యాకేజీలకి ఒకచోట ఏపీటీ ఇంకోచోట పీకేజీ, ఈ తేడాలేవీ యాప్ రాసేవాడికి తెలియక్కర్లేదు. వచ్చిన ఫలితాన్ని ఎగ్జిట్ కోడ్‌తో (పని అయిందో లేదో చెప్పే అంకె) సహా మళ్ళీ జేసన్‌లో పెట్టి వెనక్కిస్తుంది, లాగ్‌లో రాసుకుంటుంది. అంతే, ఇందులో మాయేం లేదు.

మన కాలవల మీద లస్కరు ఉంటాడు చూడు, నీళ్ళు కావాల్సిన రైతు తనే వెళ్ళి షట్టర్ ఎత్తెయ్యడు, లస్కరుకి చెప్తాడు, ఆయన వంతు ఎవరిదో చూసి తన కిందున్న తూములే తిప్పుతాడు, ధవళేశ్వరం బ్యారేజీ గేట్లు ఆయన చేతిలో ఉండవు. మధ్య సర్వర్ ఉద్యోగం కూడా అదే, దాని అధికారం కూడా అంతే ఉండాలి. మనవాళ్ళు ఉద్యోగం ఇచ్చేస్తారు గానీ అధికారం ఎంతవరకో గీత గియ్యడం మర్చిపోతారు, గొడవంతా అక్కడే.

ఎస్‌ఎస్‌హెచ్ ఉండగా ఇంకోటి ఎందుకంటావా. 1995లో ఫిన్లాండ్‌లో తాతు యూలొనెన్ దాన్ని రాసింది వాళ్ళ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవరో దారి కాసి పాస్‌వర్డ్‌లు కొట్టేశాక. అంటే మధ్య దారిలో ఎవడూ వినకుండా ఉండటానికి పుట్టిందది, ఆ పని ఇప్పటికీ బ్రహ్మాండంగా చేస్తుంది. కానీ లోపలికి వచ్చినవాడి చేతికి మామూలుగా అది ఇచ్చేది పూర్తి షెల్, అంటే ఏ కమాండైనా కొట్టగల చోటు, రొయ్యలకి మేత వేయించే సూపర్‌వైజర్‌కి షెల్ దేనికి చెప్పు.

ఇక అవసరమా అంటే, నువ్వొక్కడివే చూసుకుంటే అక్కర్లేదు, 2012లో వచ్చిన అన్సిబుల్ (ఎన్నో మెషీన్లలో పనులు ఒకేసారి చేయించే టూల్) చాలు, అది మెషీన్లలో ఏమీ పెట్టకుండా ఎస్‌ఎస్‌హెచ్ మీదే నడుస్తుంది, అవతల పైథాన్ ఉంటే చాలు. నీ కేసులో వేరేవాళ్ళకి ఒకటి రెండు పనులు మాత్రం అప్పగించాలి కాబట్టి మధ్యలో ఏదో ఒకటి కావాలి. అన్నీ సొంతంగా రాయక్కర్లేదు, రన్‌డెక్ లాంటివాటిలో "ఈ పని" అని ముందే రాసిపెట్టి ఎవరు నడపొచ్చో చెప్పి ఏపీఐ నుంచి పిలవచ్చు. 1997 నుంచి ఉన్న వెబ్‌మిన్, రెడ్‌హ్యాట్ వాళ్ళ కాక్‌పిట్ కూడా మంచివే గానీ అవి ప్రధానంగా అడ్మిన్ బ్రౌజర్‌లో కూర్చుని చూసుకోడానికి. ఇవన్నీ బరువనిపిస్తే ఎస్‌ఎస్‌హెచ్‌లోనే ఒక కిటుకు ఉంది, ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌లో (ఏ కీలతో లోపలికి రావచ్చో రాసుండేది) కీ ముందు "కమాండ్" అని రాసి ఒక స్క్రిప్ట్ పేరు ఇస్తే ఆ కీతో వచ్చినవాడు ఏం అడిగినా ఆ స్క్రిప్టే నడుస్తుంది, పక్కనే "రిస్ట్రిక్ట్" అని పెడితే టన్నెళ్ళూ టెర్మినలూ కూడా మూసేస్తుంది, ఇది ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 7.2 నుంచి ఉంది. ముప్పై డబ్బాలకి నా ఓటు దీనికే, దీని ముందర చిన్న ఏపీఐ పెట్టుకో.

ప్రశ్న (రాజమండ్రి, ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్): సార్, ప్రాజెక్ట్‌కి ఫ్లాస్క్‌లో (పైథాన్‌లో వెబ్ ప్రోగ్రాములు రాసే టూల్) రిమోట్ అడ్మిన్ ఏపీఐ రాశాను. ఒకే ఎండ్‌పాయింట్ (రిక్వెస్ట్ అందుకునే చిరునామా), కమాండ్ స్ట్రింగ్ పంపితే సర్వర్‌లో నడిచి అవుట్‌పుట్ వస్తుంది. టోకెన్ కూడా పెట్టాను. పర్మిషన్ ఎర్రర్లు వస్తున్నాయని రూట్‌గా నడుపుతున్నా. మా గైడ్ గారు "సెక్యూరిటీ ఏది" అని వెనక్కి పంపారు. తప్పేంటో అర్థం కాలేదు.

జవాబు: బాబూ, మీ గైడ్ గారు మంచివారు, నేనైతే ఇంకో రెండు మాటలు అనేవాణ్ణి. నీ ఎండ్‌పాయింట్‌కి ఇంకో పేరు రూట్ పాస్‌వర్డ్. టోకెన్ పెట్టాను కదా అంటావు, ఆ టోకెన్ యాప్ లోపల ఉంటే ఏపీకే ఫైల్ విప్పి చూసుకోడం మీ క్లాసులో సగం మందికి వచ్చు, అది ఒకసారి బయటికి పోతే వాడు చెయ్యలేని పని అంటూ ఏదీ మిగలదు. అదే నీ ఏపీఐలో "సర్వీస్ రీస్టార్ట్", "డిస్క్ ఎంత ఖాళీ", "లాగ్ చివరి 100 లైన్లు" ఈ మూడే ఉన్నాయనుకో, టోకెన్ పోయినా వాడు సర్వీస్‌ని పదేపదే రీస్టార్ట్ చేసి చిరాకు పెట్టగలడు, అంతకుమించి కష్టం. కాబట్టి మొట్టమొదట కమాండ్ తీసుకోవడం మానేసి పని పేరు తీసుకో.

పని పేరు తీసుకున్నా విలువలు మాత్రం బయటినుంచే వస్తాయి కదా, సర్వీస్ పేరు లాంటివి, ఆ పేరు చివర ఒక సెమికోలన్ పెట్టి ఇంకో కమాండ్ తగిలిస్తే షెల్ రెండూ నడిపేస్తుంది. కమాండ్లు నడిపే పైథాన్ సబ్‌ప్రాసెస్‌కి స్ట్రింగ్ కాకుండా లిస్ట్ ఇవ్వు, షెల్ ట్రూ అన్నది తీసెయ్యి, అప్పుడు సెమికోలన్ ఉత్త అక్షరమే. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది, ఆ లిస్ట్‌లో ఎస్‌ఎస్‌హెచ్‌నే పిలుస్తున్నావనుకో, ఎస్‌ఎస్‌హెచ్ నువ్విచ్చిన ముక్కలన్నీ మళ్ళీ ఒకే స్ట్రింగ్‌గా అతికించి అవతలి షెల్‌కి ఇస్తుంది, ఇక్కడ కట్టిన గట్టు అక్కడ తెగిపోయినట్టే. పేరు ముందు గీత (-) పెట్టి పంపితే కమాండ్ దాన్ని ఆప్షన్ అనుకుంటుంది, అదో దొంగదారి. అన్నిటికీ కలిపి మందు ఒకటే, ఒప్పుకునే పేర్ల పట్టీ నీ దగ్గరే రాసి పెట్టుకుని అందులో లేనిది ఏదొచ్చినా తిప్పికొట్టు. చెడ్డ అక్షరాలు ఏరివేద్దాం అని కూర్చుంటే ఏదో ఒకటి మిగిలిపోతూనే ఉంటుంది.

ఇక రూట్. నెట్ వైపు మొహం పెట్టి కూర్చున్న ప్రాసెస్ రూట్‌గా ఉండకూడదు, దాన్ని ఏ హక్కులూ లేని మామూలు యూజర్‌గా నడుపు, హక్కులు కావాల్సిన పనికి వేరే చిన్న ప్రాసెస్ రాయి, రెండూ యూనిక్స్ సాకెట్ (ఒకే మెషీన్‌లో ప్రోగ్రాములు మాట్లాడుకునే గొట్టం) మీద మాట్లాడుకుంటాయి, ఆ రెండోది పట్టీలో ఉన్న పనులే చేస్తుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ వాళ్ళు 2002లో తమ డీమన్‌ని (వెనకాల నడుస్తూ ఉండే ప్రోగ్రామ్) ఇలాగే రెండుగా కోశారు, బయటివాళ్ళ డేటా చదివే ముక్కకి హక్కుల్లేవు, హక్కులున్న ముక్క బయటివాళ్ళ డేటా నేరుగా ముట్టుకోదు. అంత రాయడం ప్రాజెక్ట్‌కి ఎక్కువనిపిస్తే సుడో (మామూలు యూజర్‌కి ఎంచిన పనులు రూట్‌గా చేసే వీలిచ్చే కమాండ్) వాడు, 1980 నుంచి ఉన్న సరుకు అది, కానీ సుడోయర్స్ ఫైల్‌లో పూర్తి పాత్, పూర్తి ఆర్గ్యుమెంట్లు రాయి, బద్ధకించి నక్షత్రం (*) పెట్టకు, ఆర్గ్యుమెంట్లలో నక్షత్రం ఖాళీలతో సహా ఏదైనా మింగేస్తుంది, ఒక్క సర్వీస్ పేరు అనుకుని పెట్టినచోట నాలుగు ఆప్షన్లు దూరిపోతాయి. లెస్, వీఐ లాంటివి (ఫైళ్ళు చూసే, మార్చే ప్రోగ్రాములు) సుడోలో ఇవ్వడం అయితే అసలు వద్దు, వాటి లోపల్నుంచే షెల్‌లోకి దూకొచ్చు.

రిపోర్ట్‌లో రాసుకోడానికి నిజంగా జరిగిన ఉదాహరణ ఒకటి ఇస్తా. సాల్ట్ అని 2011లో వచ్చిన సిస్టమ్ ఉంది, ఒక మాస్టర్ సర్వర్ కింద ఎన్నో మెషీన్లు ఉంటాయి, మాస్టర్ చెప్పింది అవన్నీ చేస్తాయి. 2020 ఏప్రిల్ చివర్లో దాంట్లో ఒక లోపం బయటపడింది, మాస్టర్‌లో కొన్ని ఫంక్షన్లు అడిగినవాడెవడో చూడకుండానే జవాబిచ్చేవి, 4506 పోర్ట్ తగిలితే చాలు పాస్‌వర్డ్ లేకుండా కింద మెషీన్లన్నిట్లో రూట్‌గా కమాండ్ నడపొచ్చు. ఆ లోపం కనిపెట్టినవాళ్ళు స్కాన్ చేస్తే 6,000కి పైగా మాస్టర్లు నేరుగా ఇంటర్నెట్ మీద కనిపించాయి. సరిచేసిన వెర్షన్ వచ్చాక కూడా వేసుకోని వాళ్ళ సర్వర్లలో కొద్ది రోజుల్లోనే క్రిప్టో మైనింగ్ మొదలైపోయింది. రాసినవాళ్ళు చేతకానివాళ్ళు కాదు. కాకపోతే మధ్య సర్వర్‌లో చిన్న కన్నం పడితే దాని కిందున్నవన్నీ ఒకేసారి పోతాయి, అందుకే నీ ఏపీఐ ఎంత బాగా రాసినా దాన్ని బహిరంగంగా నెట్ మీద పెట్టకు, వీపీఎన్ (మనవాళ్ళకే తెరుచుకునే రహస్య దారి, టన్నెల్ అంటారు) వెనకాల ఉంచు.

ప్రశ్న (రాజోలు): మాస్టారూ, మా డబ్బాలు చెరువుల దగ్గర సిమ్ మోడెం మీద నడుస్తాయండి. బయటినుంచి ఐపీ కొడితే అందవు. కరెంటు పోయి వచ్చాక ఒక్కోసారి మధ్య సర్వర్‌కి అసలు కలవట్లేదు, మళ్ళీ ఓ గంటకి అదే కలుస్తుంది. ఏరేటర్ ఆన్ అని రిక్వెస్ట్ పంపితే టైమౌట్ వస్తుంది, మళ్ళీ పంపితే ఆఫ్ అయిపోతుంది! ఏం చెయ్యాలండి?

జవాబు: మీరు ఒక్క ఉత్తరంలో మూడు జబ్బులు రాశారండి, చివరిది ప్రమాదం కాబట్టి అదే ముందు.

మీ ఏపీఐలో పని "మార్చు" అని ఉండి ఉంటుంది, అంటే ఆన్‌లో ఉంటే ఆఫ్, ఆఫ్‌లో ఉంటే ఆన్. టైమౌట్ వచ్చిందంటే పని జరగలేదని కాదండి, జవాబు మనదాకా రాలేదని మాత్రమే, అవతల ఏరేటర్ శుభ్రంగా తిరుగుతూ ఉండొచ్చు. అప్పుడు రెండోసారి నొక్కితే అది ఆగిపోతుంది. కాబట్టి రిక్వెస్ట్‌లో "ఆన్‌లో ఉండాలి" అని కావాల్సిన స్థితి చెప్పండి, పదిసార్లు పంపినా ఫలితం ఒకటే. రీబూట్ లాంటి పనులకి ఇది కుదరదు, వాటికి ప్రతి రిక్వెస్ట్‌కీ ఒక నంబరు ఇచ్చి ఆ నంబరు ఇదివరకే చేసేసి ఉంటే మళ్ళీ చెయ్యకుండా పాత జవాబే ఇచ్చేలా రాయించండి. ఎక్కువసేపు పట్టే పనులకి కనెక్షన్ పట్టుకుని కూర్చోకుండా 202 అనే హెచ్‌టీటీపీ కోడ్‌తో వెంటనే ఒప్పుకుని ఒక జాబ్ నంబరు చేతిలో పెట్టి, తర్వాత ఆ నంబరుతో ఎంతవరకు వచ్చిందో అడిగించుకోవాలి.

బయటినుంచి అందకపోవడం మొబైల్ కంపెనీల పద్ధతి వల్ల, వేలమందిని ఒకే పబ్లిక్ ఐపీ వెనకాల పెడతారు. లోపల్నుంచి బయటికి వెళ్ళే దారి తెరిచే ఉంటుంది కాబట్టి డబ్బానే మధ్య సర్వర్‌కి ఫోన్ చెయ్యాలి. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టండి, 2020 మార్చిలో వచ్చిన 5.6 కెర్నెల్ నుంచి లినక్స్‌లోనే కలిసి వస్తుంది, దాంట్లో కీపలైవ్ 25 సెకన్లు పెడితే ఆ దారి మూసుకుపోకుండా ఉంటుంది.

కరెంటు వచ్చాక గంట ఆలస్యం అన్నారు చూశారా, నాకు గడియారం మీద అనుమానం. రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్లలో 4 వరకు బ్యాటరీ గడియారం ఉండదు, కరెంటు పోతే టైం ఆగిపోతుంది, తిరిగి లేచినప్పుడు పాత టైంలోనే ఉంటుంది. అప్పుడు డబ్బా టీఎల్‌ఎస్ సర్టిఫికెట్ (అవతలి సర్వర్ అసలైనదేనని చెప్పే, గడువున్న పత్రం) చూసి "ఇది ఇంకా మొదలే కాలేదు" అనొచ్చు, వైర్‌గార్డ్ అయితే ఇంతకుముందు చూసిన టైం కంటే వెనక టైంతో వచ్చిన పలకరింపుని అవతలివైపు పట్టించుకోనే పట్టించుకోదు. ఎన్‌టీపీ (నెట్ నుంచి టైం సరిచేసేది) టన్నెల్ బయటినుంచి వెళ్ళేలా చూడండి, లోపల్నుంచి పెడితే టైం కోసం టన్నెల్, టన్నెల్ కోసం టైం, రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ కూర్చుంటాయి. ఇంకా మంచిది డీఎస్ 3231 అనే చిన్న గడియారం మాడ్యూల్, బ్యాటరీతో సహా తగిలించెయ్యండి.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తానండి. రాత్రంతా నీళ్ళలో నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది, వెలుతురు లేదు కాబట్టి తయారు చెయ్యదు, అందుకే తెల్లారుజామున డీవో అట్టడుక్కి వస్తుంది, రొయ్యలు తేలేది అప్పుడే. ఆ టైంలో నెట్ ఉంటుందని మధ్య సర్వర్ మీద ఆధారపడకూడదు. డీవో పడితే ఏరేటర్ వేసే నిర్ణయం గట్టు మీదున్న డబ్బాదే అవ్వాలి, ఏపీఐ ఎప్పుడో హద్దులు మార్చుకోడానికీ చూసుకోడానికీ అంతే.

ప్రశ్న (తణుకు): మా ఆఫీసులో సర్వర్లు నాలుగు. మధ్య సర్వర్‌కి కుబెర్నెటీస్ (ఎన్నో సర్వర్ల మీద ప్రోగ్రాములని పంచి నడిపే సిస్టమ్) కావాలా?

జవాబు: వద్దండి. లినక్స్‌లో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీలో ఒక సర్వీస్‌గా పెట్టండి, ఆ మిగిలిన టైంలో బ్యాకప్ సరిగ్గా తిరిగి వస్తోందో లేదో చూసుకోండి.

ప్రశ్న (సఖినేటిపల్లి): ఏపీఐ నుంచి ఫైర్‌వాల్ (ఏ కనెక్షన్ లోపలికి రావచ్చో చూసే కాపలా) రూల్ మార్చాను సార్, అంతే, ఆ సర్వర్ మళ్ళీ దొరకలేదు. అది నరసాపురంలో ఉంది, పంటెక్కి గోదారి దాటి వెళ్ళి మానిటర్ తగిలించి సరిచేసి వచ్చాను. ఇంకోసారి ఇలా కాకుండా ఏంటి దారి?

జవాబు: గోదారి గాలి తగిలింది కదండీ, అది లాభంలో వేసుకోండి. ఇది అందరికీ అయ్యేదే, దీనికి పాతకాలం నుంచి ఉన్న వైద్యం ముందు వెనక్కి తిప్పే ఏర్పాటు చేసి తర్వాత మార్చడం. "ఐదు నిమిషాల్లో పాత రూల్స్ మళ్ళీ వెయ్యి" అని ఏటీ కమాండ్‌తో గానీ సిస్టమ్‌డీ రన్‌తో గానీ టైమర్ పెట్టండి, అప్పుడు కొత్త రూల్ వెయ్యండి, కొత్త కనెక్షన్‌తో లోపలికి రాగలిగితే టైమర్ రద్దు చెయ్యండి, రాలేకపోతే టీ తాగి రండి, అదే పాతదానికి వెళ్ళిపోతుంది. కొత్త కనెక్షన్ అన్నాను చూశారా, పాత కనెక్షన్ బతికే ఉండి మోసం చేస్తుంది, చాలా ఫైర్‌వాళ్ళు అప్పటికే నడుస్తున్నవాటిని వదిలేస్తాయి. ఉబుంటులో నెట్‌ప్లాన్ ట్రై అని ఉంది, 120 సెకన్లలో మీరు ఒప్పుకోకపోతే వెనక్కి వెళ్తుంది. జునిపర్ రౌటర్లలో కమిట్ కన్ఫర్మ్‌డ్ అని ఇదే పద్ధతి, మామూలుగా 10 నిమిషాలు. మీ ఏపీఐలో నెట్‌వర్క్ ముట్టుకునే ప్రతి పనినీ ఇలా రెండు రిక్వెస్ట్‌లుగా చెయ్యండి, ఒకటి మార్చడానికి, ఒకటి ఖాయం చెయ్యడానికి. టైమర్ మాత్రం ఆ సర్వర్‌లోనే ఉండాలి, మధ్య సర్వర్‌లో పెడితే దారి తెగాక వెనక్కి తిప్పమని చెప్పడానికి అదెలా వెళ్తుంది?

ప్రశ్న (పాలకొల్లు): మిడిల్‌వేర్ పెట్టినప్పటినుంచి సర్వర్ లాగుల్లో అన్నీ ఒకే యూజర్ పేరు మీద కనిపిస్తున్నాయి. మొన్న ఎవరో డేటాబేస్ ఆపేశారు, ఎవరని తేలలేదు. ఆఫీసులో అందరూ అందర్నీ అనుమానంగా చూస్తున్నారు.

జవాబు: ఇది మధ్య సర్వర్ పెట్టిన ప్రతిచోటా వచ్చే తంటా. అవతలి మెషీన్‌కి కనిపించేది మిడిల్‌వేర్ యూజర్ ఒక్కడే, అడిగిన మనిషి వెనకాల దాక్కుంటాడు. ఆఫీసంతటికీ ఒకే టోకెన్ ఇచ్చి ఉంటారు, ముందు అది రద్దు చేసి మనిషికొకటి ఇవ్వండి, గడువు పెట్టండి. ప్రతి రిక్వెస్ట్‌కీ ఒక నంబరు పుట్టించి మధ్య సర్వర్ లాగ్‌లో మనిషి పేరుతో, అవతలి మెషీన్ లాగ్‌లో ఆ నంబరుతో రాయిస్తే రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. ఆ లాగులు వేరే మెషీన్‌కి వెంటవెంటనే పంపించండి, లేకపోతే తప్పు చేసినవాడే తుడిచేస్తాడు. కాక్‌పిట్ వాళ్ళు ఈ తలనొప్పి లేకుండా ఇంకో దారి పట్టారు, దాంట్లో ఎవరి లాగిన్‌తో వాళ్ళే వస్తారు, ఆ మనిషికి సిస్టమ్‌లో ఏ హక్కులుంటే అవే. పదిమంది లోపు ఉంటే నాకైతే అదే నచ్చుతుంది. ఆ డేటాబేస్ ఆపిందెవరో ఇప్పుడిక తేలదు గానీ, అందరికీ కాఫీలు తాగించి వదిలెయ్యండి.

ప్రశ్న (లంక గ్రామం నుంచి, ఊరి పేరు వద్దన్నారు): మా సొసైటీ కంప్యూటర్లన్నీ చూసుకునే మధ్య సర్వర్ మా ఊళ్ళోనే ఉందండి. వరదలొస్తే కరెంటు తీసేస్తారు, ఒక్కోసారి ఆఫీసులోకి నీళ్ళొస్తాయి. ఏం జాగ్రత్త పడాలి?

జవాబు: ముందు దాన్ని అక్కణ్ణుంచి తీసెయ్యండి. అందర్నీ చూసుకోవాల్సింది అందరికంటే ముందు మునిగే చోట ఉండకూడదు, అద్దె సర్వర్ మీదైనా పెట్టండి లేదా రాజమండ్రిలోనో అమలాపురంలోనో ఎత్తు మీదున్న ఆఫీసులో పెట్టండి. డబ్బాలన్నీ దాన్ని ఐపీ నంబరుతో కాకుండా పేరుతో వెతుక్కునేలా ఉంచితే రేపు చోటు మారినా డీఎన్‌ఎస్‌లో (పేరుకి ఐపీ నంబరు చెప్పే పట్టిక) ఒక్క మార్పు చాలు. వైర్‌గార్డ్ అయితే ఆ పేరుని మొదలయ్యేటప్పుడు ఒక్కసారే చూసుకుంటుంది, చోటు మార్చాక డబ్బాల్లో టన్నెల్ మళ్ళీ లేచేలా ఒక చిన్న స్క్రిప్ట్ పెట్టుకోండి.

ఈ ఏడాది తీసుకెళ్ళడం కుదరకపోతే, మీకు టైం ఉంటుంది, భద్రాచలంలో గోదారి 43 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక పడుతుంది, ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులకి మొదటిది, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. మీరు ధవళేశ్వరం మొదటి హెచ్చరికకే సర్వర్‌ని పద్ధతిగా షట్‌డౌన్ చేసి మేడెక్కించెయ్యండి, రెండోది దాకా ఆగొద్దు, అప్పటికి మీకు వేరే పనులుంటాయి. కాన్ఫిగ్, డేటాబేస్, సర్టిఫికెట్ కీలు ఎన్‌క్రిప్ట్ చేసి ఒక కాపీ ఊరి బయట ఉంచండి.

మధ్య సర్వర్ లేనప్పుడు డబ్బాల్లోకి ఎలా వెళ్ళాలన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. దానికోసం విడిగా ఒక ఎస్‌ఎస్‌హెచ్ కీ చేసి, పాస్‌ఫ్రేజ్ పెట్టి, పెన్‌డ్రైవ్‌లో వేసి సీలు కవర్‌లో సొసైటీ ప్రెసిడెంటు గారి బీరువాలో పెట్టించండి, పాస్‌ఫ్రేజ్ సెక్రటరీ గారి దగ్గర వేరే కవర్‌లో. జూన్‌లో వానలు మొదలయ్యే ముందు ఒకసారి ఆ కవర్లు విప్పి నిజంగా లాగిన్ అవుతోందా చూసి, కొత్త కీతో మళ్ళీ సీలు వేయించండి.